ఎక్సెల్ మాక్రోల్లో రన్‌టైమ్ ఎర్రర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

జీతాల షీట్లు, మార్కుల జాబితాలు, స్టాకు లెక్కలు, జీఎస్టీ బిల్లులు... మన ఆఫీసుల్లో ఇవన్నీ ఎవరో ఎప్పుడో రాసి వెళ్లిన ఎక్సెల్ మాక్రోల (ఎక్సెల్ చేత పనులు చేయించే చిన్న ప్రోగ్రాముల) మీద నడుస్తుంటాయి. రాసినవారు ఉద్యోగం మారిపోతారు, మాక్రో మాత్రం ఉండిపోతుంది. ఒకరోజు అది మధ్యలో ఆగి ఒక నంబరు చూపిస్తుంది. ఆ నంబరును ఎలా చదవాలి, ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నవాటికి ఇక్కడ జవాబులున్నాయి. వీబీఏ (ఎక్సెల్ మాక్రోలు రాసే భాష) కొంత తెలిసినవారిని దృష్టిలో పెట్టుకుని రాసిన పేజీ ఇది. కోడ్ మాటలన్నీ తెలుగు లిపిలోనే ఇచ్చాను. ఎడిటర్‌లో వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేయాలి.

రన్‌టైమ్ ఎర్రర్ అంటే ఏమిటి? మిగతా తప్పులకూ దీనికీ తేడా ఏమిటి?

‘ఇఫ్’ పెట్టి ‘ఎండ్ ఇఫ్’ మరిచిపోతే అది కంపైల్ ఎర్రర్. మాక్రో మొదలవకముందే తెలిసిపోతుంది, కాబట్టి దానివల్ల నష్టం ఉండదు. రన్‌టైమ్ ఎర్రర్ వచ్చినప్పుడు కోడ్ వ్యాకరణం సరిగ్గానే ఉంటుంది, నడుస్తుండగా ఎదురైన పరిస్థితే కుదరదు. తెరవమన్న ఫైలు ఆ ఫోల్డర్‌లో లేదు. కూడమన్న సెల్‌లో అంకెకు బదులు ‘సెలవు’ అని ఉంది. రాయమన్న షీట్‌కు పాస్‌వర్డ్ ఉంది. మూడో రకం లాజిక్ తప్పు. దానికి ఏ మెసేజీ రాదు, మాక్రో చివరిదాకా నడుస్తుంది, జవాబు మాత్రం తప్పు.

అన్నిటికన్నా ప్రమాదం ఈ మూడోదే. రన్‌టైమ్ ఎర్రర్‌ను కనపడకుండా చేయబోయి దాన్ని లాజిక్ తప్పుగా మార్చేయడం చాలామంది చేసే పని. కింద రాసిన సలహాల్లో ఎక్కువ భాగం అలా జరగకుండా చూసుకోవడం గురించే.

ఎర్రర్ బాక్స్‌లో ‘ఎండ్’, ‘డీబగ్’ అనే బటన్లు ఉంటాయి. ఏది నొక్కాలి?

మాక్రో మీ చేతిలో ఉన్నదైతే ‘డీబగ్’ నొక్కండి. ఆగిపోయిన లైను పసుపు రంగులో కనిపిస్తుంది. వేరియబుల్ పేరు మీద మౌస్ పెడితే ఆ క్షణంలో దానిలో ఉన్న విలువ కనిపిస్తుంది. కంట్రోల్ జీ నొక్కితే ఇమీడియట్ విండో తెరుచుకుంటుంది. అక్కడ ప్రశ్నార్థకం పెట్టి వేరియబుల్ పేరు రాసి ఎంటర్ కొడితే విలువ చూపిస్తుంది. ఏ వరుస దగ్గర ఆగింది, ఆ సెల్‌లో ఏముంది అన్నవి తెలిస్తే సగం పని అయినట్టే. కంట్రోల్ ఎల్ నొక్కితే ఏ ప్రొసీజర్ (పేరు పెట్టి రాసిన కోడ్ భాగం) దేన్ని పిలిచిందో వరుసగా చూడొచ్చు.

‘ఎండ్’ నొక్కితే ఈ ఆధారాలన్నీ పోతాయి. మాడ్యూల్ పైభాగంలో ప్రకటించిన వేరియబుల్స్ విలువలు కూడా ఖాళీ అయిపోతాయి. కాబట్టి ముందు చూడండి, ఆ తర్వాతే ఆపండి. ‘డీబగ్’ బటన్ మసకగా ఉండి నొక్కుడుపడకపోతే ఆ ప్రాజెక్టుకు పాస్‌వర్డ్ ఉందని అర్థం.

ఎక్కువగా కనిపించే నంబర్లు ఏం చెబుతాయి?

9 వస్తే మీరు పేరు పెట్టి అడిగిన షీటో, వర్క్‌బుక్కో, అరే మూలకమో అక్కడ లేదన్నమాట. షీట్ పేరు చివర కంటికి కనిపించని స్పేస్ ఒకటి ఉండటం దీనికి మామూలు కారణం. షీట్ ట్యాబ్ మీద డబుల్ క్లిక్ చేసి పేరును పూర్తిగా సెలెక్ట్ చేసి చూడండి.

13 అంటే టైప్ మిస్‌మ్యాచ్. అంకె కావలసిన చోట అక్షరాలు, తేదీ కావలసిన చోట తేదీ కానిది వచ్చాయి. సెల్‌లో ‘#ఎన్/ఏ’ ఉండి దాన్ని మరో విలువతో పోల్చినా 13 వస్తుంది. 11 సున్నాతో భాగహారం. 53 ఫైలు లేదని, 76 ఫోల్డర్ దారే తప్పని, 70 అనుమతి లేదని చెబుతాయి. ఈ 70 తరచుగా ఆ ఫైలును వేరెవరో తెరిచి ఉంచినప్పుడు వస్తుంది. 438 వస్తే ఆ ఆబ్జెక్ట్‌కు లేని గుణాన్నో పనినో అడిగారని అర్థం, ఎక్కువసార్లు అది స్పెల్లింగ్ పొరపాటే. 424 వస్తే ఆబ్జెక్ట్ ఉండాల్సిన చోట మరేదో ఉంది. మాడ్యూల్ పైన ‘ఆప్షన్ ఎక్స్‌ప్లిసిట్’ రాసి ఉంటే ఈ 424ల్లో చాలావరకు మాక్రో నడవకముందే బయటపడతాయి. అది లేని మాడ్యూల్ కనిపిస్తే ముందు ఆ లైను చేర్చి, తర్వాత మిగతా సంగతి చూడండి.

6, 91, 1004 గురించి ఇంకాస్త వివరంగా చెప్పుకోవాలి.

నెలనెలా బాగా నడిచిన మాక్రో డేటా పెరిగాక 6 చూపిస్తోంది. ఎందుకు?

అది ఓవర్‌ఫ్లో. వరుస సంఖ్యను ‘ఇంటీజర్’గా ప్రకటించి ఉంటారు. ఇంటీజర్‌లో 32,767 వరకే పడుతుంది. ఎక్సెల్ 2007 నుంచి ఒక షీట్‌లో 10,48,576 వరుసలున్నాయి. 32,768వ వరుసకు రాగానే మాక్రో ఆగుతుంది. ‘ఇంటీజర్’ తీసేసి ‘లాంగ్’ పెట్టండి, అది రెండు వందల కోట్లు దాటినదాకా పడుతుంది. ఈ రోజుల్లో ఇంటీజర్ వాడితే కలిసొచ్చేదేమీ లేదు.

ఇందులో ఒక మెలిక ఉంది. జవాబు దాచుకునే వేరియబుల్ లాంగ్ అయినా, కోడ్‌లో నేరుగా 200 * 200 అని రాస్తే ఓవర్‌ఫ్లో వస్తుంది. రెండు చిన్న అంకెలనూ వీబీఏ ఇంటీజర్లుగానే తీసుకుని గుణిస్తుంది, జవాబు 40,000 అందులో పట్టదు. ఒక అంకెకు ‘సీఎల్ఎన్‌జీ’ తగిలిస్తే సరిపోతుంది.

91 ఎప్పుడు వస్తుంది?

ఆబ్జెక్ట్ వేరియబుల్‌లో ఏదీ లేనప్పుడు, అంటే అది ‘నథింగ్’గా ఉన్నప్పుడు. దీనికి రెండు కారణాలు ఎక్కువ. ఒకటి, ‘సెట్’ అనే మాట మరిచిపోవడం. రెండు, ‘ఫైండ్’తో వెతికి, దొరికిందో లేదో చూడకుండానే దాని వరుస సంఖ్య అడగడం. ఫైండ్‌కు ఏదీ దొరకకపోతే ఎర్రర్ రాదు, నథింగ్ తిరిగొస్తుంది. ఆ నథింగ్‌ను ‘నీ వరుస ఎంత’ అని అడిగినప్పుడే 91 వస్తుంది. అందుకే ఫైండ్ ఫలితాన్ని ముందు ఒక వేరియబుల్‌లోకి తీసుకుని, ‘ఈజ్ నథింగ్’ అని పరీక్షించి, తర్వాతే వాడాలి. దీనికి ఎర్రర్ హ్యాండ్లర్ (తప్పు జరిగితే ఏం చేయాలో చెప్పే కోడ్) అవసరమే లేదు. ఇఫ్ ఒకటి చాలు.

1004కు అర్థమే లేదా? ప్రతిదానికీ అదే వస్తోంది.

1004 ఎక్సెల్ తన వైపు నుంచి ‘ఈ పని కుదరదు’ అని చెప్పే నంబరు. కారణాలు చాలా ఉన్నా నంబరు ఒక్కటే. కాబట్టి ఇక్కడ నంబరు కన్నా దాని కింది వాక్యాన్నీ, పసుపు లైనునూ చూడాలి.

షీట్‌కు ప్రొటెక్షన్ ఉండటం, లెక్కలో పొరపాటు వల్ల వరుస సంఖ్య 0 కావడం మామూలుగా జరిగేవి. షీట్‌కు పేరు పెట్టేటప్పుడు కూడా వస్తుంది. పేరు 31 అక్షరాలు దాటకూడదు, అందులో ఏటవాలు గీత, కోలన్, ప్రశ్నార్థకం, నక్షత్రం, చదరపు బ్రాకెట్లు ఉండకూడదు. రోజుకో షీట్ తయారుచేసే మాక్రోలో మన అలవాటు ప్రకారం 01/04/2024 అని తేదీ పెడితే అక్కడే ఆగుతుంది. 01-04-2024 అని పెడితే పేచీ లేదు. ఆ పేరుతో షీట్ ముందే ఉన్నా 1004 వస్తుంది.

అన్నిటికన్నా తికమక పెట్టేది ఇంకొకటి ఉంది. ‘జీతాలు’ షీట్‌లోని రేంజ్ అడుగుతూ, లోపలి ‘సెల్స్’కు మాత్రం షీట్ పేరు తగిలించరు. షీట్ పేరు లేని సెల్స్ అంటే ఆ సమయంలో తెర మీదున్న షీట్‌వి. జీతాల షీట్ తెరిచి ఉన్నప్పుడు మాక్రో నడుస్తుంది, వేరే షీట్ తెరిచి ఉంటే 1004 ఇస్తుంది. ‘నిన్న నడిచింది, ఇవాళ నడవట్లేదు’ అని ఎవరైనా అంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. రేంజ్‌కూ, లోపలి రెండు సెల్స్‌కూ షీట్ పేరు తగిలించండి.

‘ఆన్ ఎర్రర్ రెస్యూమ్ నెక్స్ట్’ అని పైన ఒక లైను పెడితే ఏ ఎర్రరూ రాదు కదా! అది సరిపోదా?

ఎర్రర్ వస్తూనే ఉంటుంది, మీకు కనిపించదంతే. ఆ లైను అర్థం ‘తప్పు జరిగితే పట్టించుకోకుండా కింది లైనుకు వెళ్లు’ అని. కింది లైను, పై లైను సరిగ్గా జరిగిందన్న నమ్మకంతో రాసింది కదా!

జీతాల ఉదాహరణే తీసుకోండి. లూప్‌లో ప్రతి వరుసకూ మూల వేతనాన్ని ఒక వేరియబుల్‌లోకి చదివి, అందులోంచి భవిష్య నిధి మినహాయింపు లెక్కకట్టి పక్క సెల్‌లో రాస్తున్నారు. పదో వరుసలో మూల వేతనం బదులు ఎవరో ‘పెండింగ్’ అని రాశారు. ఆ విలువను సంఖ్యగా మార్చే లైను 13తో విఫలమవుతుంది. రెస్యూమ్ నెక్స్ట్ ఉంది కాబట్టి మాక్రో ముందుకు వెళ్తుంది. వేరియబుల్‌లో ఇంకా తొమ్మిదో వరుస మనిషి వేతనమే ఉంది. దాని మీద లెక్క జరిగి, పదో వరుసలో నీటుగా రాయబడుతుంది. బాక్స్ రాదు, ఎర్ర రంగు కనపడదు. ఒకరి మినహాయింపు ఇంకొకరి పేరు మీద బ్యాంకుకు వెళ్లిపోతుంది.

ఇఫ్ దగ్గర ఇంకా ఘోరం. ‘సెల్ విలువ 35 కన్నా ఎక్కువైతే’ అని షరతు రాసి, దాని లోపల ‘పాస్’ అని రాయిస్తున్నారనుకోండి. సెల్‌లో ‘#ఎన్/ఏ’ ఉంటే ఆ పోలికే విఫలమవుతుంది. అప్పుడు కింది లైను ఏది? ఇఫ్ లోపలి మొదటి లైను. అంటే షరతును పరీక్షించలేకపోయినా విద్యార్థి పాసైపోతాడు. ఎల్స్ భాగం అలాగే ఉండిపోతుంది. రెస్యూమ్ నెక్స్ట్ కింద ఇఫ్ రాయడం ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

మధ్యలో ఆగిపోయిన మాక్రో వల్ల ఒక గంట పోతుంది. తప్పు జవాబు రాసి ‘అయిపోయింది’ అన్న మాక్రో వల్ల ఏం పోతుందో, ఎప్పుడు తెలుస్తుందో చెప్పలేం. మీకు అప్పగించిన పాత ఫైల్లో ప్రతి ప్రొసీజర్ పైనా ఈ లైను ఉంటే, కాపీ మీద ఒక్కొక్కటీ తీసేసి నడిపి చూడండి. ఇన్నాళ్లూ దాగిన తప్పులు ఒక్కసారిగా బయటపడతాయి. కంగారు పడకండి, అవి కొత్తవి కావు.

అయితే దాన్ని ఎప్పుడూ వాడకూడదా?

వాడొచ్చు. ఒకటి రెండు లైన్లకు, ఏ తప్పు రావచ్చో ముందే తెలిసినప్పుడు. ఒక పేరుతో షీట్ ఉందో లేదో తెలుసుకోవడానికి వీబీఏలో నేరుగా దారి లేదు. అప్పుడు రెస్యూమ్ నెక్స్ట్ పెట్టి, షీట్‌ను వేరియబుల్‌లోకి ‘సెట్’ చేసి, వెంటనే ‘ఆన్ ఎర్రర్ గోటూ 0’ రాయాలి. తర్వాత వేరియబుల్ నథింగ్ అయితే షీట్ లేదని అర్థం. ఖాళీ సెల్స్ కోసం ‘స్పెషల్‌సెల్స్’ అడిగినప్పుడూ అంతే. ఒక్క ఖాళీ సెల్ కూడా లేకపోతే అది 1004 ఇస్తుంది, అది నిజానికి తప్పు కాదు.

గోటూ 0 అంటే సున్నాకు వెళ్లమని కాదు, తప్పులను దాచడం ఇక ఆపమని. ఒక జాగ్రత్త. ఏ ‘ఆన్ ఎర్రర్’ లైను వచ్చినా అంతకుముందు నమోదైన ఎర్రర్ నంబరు చెరిగిపోతుంది. ఆ నంబరు కావాలనుకుంటే గోటూ 0 రాయకముందే వేరియబుల్‌లో దాచుకోండి.

సరైన ఎర్రర్ హ్యాండ్లర్ ఎలా ఉంటుంది?

నేను వాడే చట్రం ఇది. చిన్న మాక్రోకైనా పెద్ద మాక్రోకైనా ఇదే.

సబ్ జీతాల_లెక్క()
ఆన్ ఎర్రర్ గోటూ తప్పు
అప్లికేషన్.ఎనేబుల్‌ఈవెంట్స్ = ఫాల్స్
(ఇక్కడ అసలు పని)
ముగింపు:
అప్లికేషన్.ఎనేబుల్‌ఈవెంట్స్ = ట్రూ
ఎగ్జిట్ సబ్
తప్పు:
మెసేజ్‌బాక్స్ ఎర్.నంబర్ & " : " & ఎర్.డిస్క్రిప్షన్
రెస్యూమ్ ముగింపు
ఎండ్ సబ్

పని సవ్యంగా జరిగినా, తప్పు జరిగినా దారి ‘ముగింపు’ మీదుగానే పోతుంది. మార్చిన సెట్టింగులు వెనక్కి తేవడం, తెరిచిన ఫైళ్లు మూయడం లాంటివన్నీ అక్కడే పెట్టాలి. ‘ఎగ్జిట్ సబ్’ మరిచిపోతే తప్పు లేకపోయినా కోడ్ హ్యాండ్లర్‌లోకి జారిపోతుంది. అప్పుడు 0 అనే నంబరుతో ఖాళీ మెసేజ్ వస్తుంది, ఆ తర్వాత ‘రెస్యూమ్’ దగ్గర నంబరు 20తో నిజంగానే ఎర్రర్ వస్తుంది. 20 కనిపిస్తే నేరుగా వెళ్లి ఎగ్జిట్ సబ్ ఉందో లేదో చూసుకోండి.

‘ఎర్’ అంటే జరిగిన తప్పు నంబరునూ వాక్యాన్నీ ఉంచే ఆబ్జెక్ట్. ‘ముగింపు:’, ‘తప్పు:’ లాంటి చోటు గుర్తులే లేబుళ్లు. వాటి పేర్లు ఇక్కడ అర్థం కావడానికి తెలుగులో పెట్టాను. మీ కోడ్‌లో ఏ పేరైనా పెట్టుకోవచ్చు.

రెస్యూమ్, రెస్యూమ్ నెక్స్ట్, రెస్యూమ్ లేబుల్... దేన్ని ఎప్పుడు వాడాలి?

ఉత్త ‘రెస్యూమ్’ తప్పు జరిగిన లైనునే మళ్లీ నడుపుతుంది. కారణాన్ని హ్యాండ్లర్‌లో సరిచేశాకే అది రాయాలి. ఉదాహరణకు, పెన్‌డ్రైవ్ పెట్టమని అడిగి, పెట్టాక మళ్లీ ప్రయత్నించడం. కారణం అలాగే ఉంటే మాక్రో ఆ ఒక్క లైను చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. ‘రెస్యూమ్ నెక్స్ట్’ తప్పు జరిగిన లైనును వదిలి తర్వాతిదానికి వెళ్తుంది. లేబుల్‌తో రాసే రెస్యూమ్ మీరు చెప్పిన చోటుకు వెళ్తుంది. మూడింటిలో నేను ఎక్కువగా వాడేది ఇదే, ఎందుకంటే ఎక్కడికి వెళ్తున్నామో చదివేవారికి కనిపిస్తుంది.

లూప్‌లో మొదటిసారి తప్పును పట్టుకుంటోంది. రెండోసారి అదే తప్పు వస్తే ఆగిపోతోంది. ఎందుకు?

తప్పు జరిగి హ్యాండ్లర్‌లోకి వెళ్లిన క్షణం నుంచి ఆ ప్రొసీజర్ ‘తప్పును చూసుకుంటున్నాను’ అనే స్థితిలో ఉంటుంది. ఆ స్థితి రెస్యూమ్‌తోనో, ప్రొసీజర్ ముగియడంతోనో తొలగిపోతుంది. చాలామంది హ్యాండ్లర్‌లోంచి ‘గోటూ తర్వాతి_వరుస’ అని దూకి లూప్‌లోకి వచ్చేస్తారు. పైకి అంతా బాగానే ఉంటుంది. వీబీఏ దృష్టిలో మాత్రం మీరింకా హ్యాండ్లర్ లోపలే ఉన్నారు. ఆ స్థితిలో జరిగిన రెండో తప్పును అదే హ్యాండ్లర్ పట్టుకోలేదు. ‘ఆన్ ఎర్రర్ గోటూ’ లైనును మళ్లీ రాసినా, ‘ఎర్.క్లియర్’ పెట్టినా ఆ స్థితి మారదు. క్లియర్ చెరిపేది నంబరును, వాక్యాన్ని మాత్రమే.

మందు చిన్నదే. గోటూ బదులు ‘రెస్యూమ్ తర్వాతి_వరుస’ అని రాయండి. ‘ఆన్ ఎర్రర్ గోటూ -1’ కూడా ఆ స్థితిని తొలగిస్తుంది కానీ, అది అవసరమయ్యే కోడ్‌ను తిరగరాయడమే మేలని నా అభిప్రాయం. అంతకన్నా శుభ్రమైన పద్ధతి, ఒక వరుస పనిని వేరే ఫంక్షన్‌గా రాసి, అది సరిగ్గా జరిగితే ట్రూ, లేకపోతే ఫాల్స్ ఇచ్చేలా చేయడం. అప్పుడు ప్రతి వరుసకూ హ్యాండ్లర్ కొత్తగా మొదలవుతుంది. విఫలమైన వరుసల పక్కన కారణం రాసిపెట్టి, చివర్లో ఎన్ని మిగిలాయో చెప్పొచ్చు.

ఒక ప్రొసీజర్ ఇంకోదాన్ని పిలిస్తే ప్రతిదానిలోనూ హ్యాండ్లర్ పెట్టాలా?

అక్కర్లేదు. లోపలి ప్రొసీజర్‌లో హ్యాండ్లర్ లేకపోతే ఎర్రర్ దాన్ని పిలిచినదానికి వెళ్తుంది, అక్కడా లేకపోతే ఇంకా పైకి. ఎక్కడా లేకపోతే ఎండ్, డీబగ్ బాక్స్ వస్తుంది. బటన్‌కు కట్టిన పై ప్రొసీజర్‌లో హ్యాండ్లర్ తప్పకుండా ఉండాలి. లోపలివాటిలో, తెరిచిన ఫైలు మూయడం లాంటి సర్దుబాటు ఉన్నచోటే పెట్టండి. అక్కడ సర్దేశాక ‘ఎర్.రెయిజ్’తో అదే తప్పును పైకి పంపాలి. అయితే సర్దే పనిలో ఎర్ విలువలు చెరిగిపోవచ్చు కాబట్టి నంబరునూ వాక్యాన్నీ ముందే దాచుకోండి. ఈ క్రమంలో పై ప్రొసీజర్‌లోని రెస్యూమ్ నెక్స్ట్ లోపలివాటికీ వర్తిస్తుందని మరవొద్దు. లోపల తప్పు జరిగితే, అక్కడి మిగతా లైన్లన్నీ వదిలేసి, పైన పిలిచిన లైను తర్వాతకి వచ్చేస్తుంది. సగం జరిగిన పనికి ఆనవాలు కూడా ఉండదు.

సొంత తప్పులను కూడా రెయిజ్ చేయొచ్చు. ‘వేతనం రుణాత్మకంగా ఉంది, వరుస 57’ అని మీరే ఆపేయడం చాలా మంచి అలవాటు. 512 వరకు నంబర్లు వీబీఏవి, 513 నుంచి 65,535 వరకు మీవి. క్లాస్ మాడ్యూల్‌లో అయితే ఆ నంబరును ‘వీబీఆబ్జెక్ట్‌ఎర్రర్’ అనే స్థిరాంకానికి కూడాలి. అందుకే అప్పుడప్పుడు -2147220991 లాంటి భయపెట్టే నంబర్లు కనిపిస్తాయి. అది 513కు ఆ స్థిరాంకం కలిపితే వచ్చిందే.

ఏ లైనులో తప్పు జరిగిందో మెసేజ్‌లో చూపించొచ్చా?

‘ఈఆర్ఎల్’ అనే ఫంక్షన్ ఉంది. కాకపోతే లైన్ల ముందు మీరే 10, 20, 30 అని నంబర్లు వేసుకోవాలి, లేకపోతే 0 ఇస్తుంది. వేరే ఊళ్లో ఉన్నవారికి ఫైలు పంపి ఫోన్లో సమస్య వినాల్సిన పరిస్థితుల్లో ఇది చాలా ఉపయోగం. సొంత కంప్యూటర్లో అంత అవసరం రాదు.

మాక్రో మధ్యలో ఆగిపోయాక షీట్‌లో ఆటోమేటిక్‌గా జరిగేవేవీ జరగట్లేదు. ఫార్ములాలు కూడా మారట్లేదు.

మాక్రో మొదట్లో ఎనేబుల్‌ఈవెంట్స్‌ను ఆపి, క్యాలిక్యులేషన్‌ను మాన్యువల్‌కు మార్చి ఉంటుంది. మళ్లీ యథాస్థితికి తెచ్చే లైను దాకా రాకుండానే ఆగింది. ‘స్క్రీన్‌అప్‌డేటింగ్’ మాక్రో ముగియగానే తనంతట తనే సర్దుకుంటుంది. ఈ రెండూ అలా కాదు. ఇమీడియట్ విండోలో అప్లికేషన్.ఎనేబుల్‌ఈవెంట్స్ = ట్రూ అని రాసి ఎంటర్ కొట్టండి. ఫార్ములాస్ ట్యాబ్‌లో క్యాలిక్యులేషన్‌ను ఆటోమేటిక్ చేయండి. మాన్యువల్‌లో ఉండగా ప్రింట్ తీసిన రిపోర్టులు ఉంటే వాటిని మళ్లీ సరిచూడాలి, అందులో పాత అంకెలు ఉండే అవకాశం ఉంది.

వీలుకప్ విలువ దొరక్కపోతే ఒకచోట 1004, ఇంకోచోట 13 వస్తోంది. ఏమిటిది?

‘వర్క్‌షీట్‌ఫంక్షన్.వీలుకప్’ అని రాస్తే, దొరకనప్పుడు రన్‌టైమ్ ఎర్రర్ 1004 వస్తుంది. ‘అప్లికేషన్.వీలుకప్’ అని రాస్తే ఎర్రర్ రాదు, ‘#ఎన్/ఏ’ అనే విలువ తిరిగొస్తుంది. ఆ విలువను డబుల్‌గానో స్ట్రింగ్‌గానో ప్రకటించిన వేరియబుల్‌లో వేయబోతే 13 వస్తుంది. రెండో పద్ధతిలో ఫలితాన్ని ‘వేరియంట్’లోకి తీసుకుని ‘ఈజ్‌ఎర్రర్’తో పరీక్షించండి. హ్యాండ్లర్ లేకుండానే పని జరిగిపోతుంది. కాబట్టి రెండోదే మేలు.

సెల్‌లో ఫార్ములాగా వాడే సొంత ఫంక్షన్‌లో తప్పు జరిగితే ఏ బాక్సూ రాదు, సెల్‌లో ‘#వాల్యూ!’ అని మాత్రం కనిపిస్తుంది. అలాంటప్పుడు ఆ ఫంక్షన్‌ను ఇమీడియట్ విండో నుంచి పిలిచి చూడండి, అసలు నంబరు బయటపడుతుంది.

హ్యాండ్లర్ రాశాను. అయినా ప్రతిసారీ డీబగ్ బాక్సే వస్తోంది.

వీబీఏ ఎడిటర్‌లో టూల్స్, ఆప్షన్స్, జనరల్ ట్యాబ్, అందులో ఎర్రర్ ట్రాపింగ్ చూడండి. ‘బ్రేక్ ఆన్ ఆల్ ఎర్రర్స్’ ఎంచుకుని ఉంటే హ్యాండ్లర్ ఉన్నా ఆగుతుంది. వెతికేటప్పుడు అది మంచిదే, మామూలుగా ‘బ్రేక్ ఇన్ క్లాస్ మాడ్యూల్’ ఉంచండి. ఇది ఫైలుకు కాదు, ఆ కంప్యూటర్‌కు సంబంధించిన సెట్టింగ్. అందుకే మీ దగ్గర ఒకలా, పక్క సీటులో ఒకలా నడుస్తుంది.

ఎర్రర్ మెసేజ్ తెలుగులో చూపిద్దామంటే అన్నీ ప్రశ్నార్థకాలు వస్తున్నాయి.

వీబీఏ ఎడిటర్ యూనికోడ్‌ది కాదు. విండోస్‌లో ఎంచుకున్న పాత కోడ్ పేజీలో ఉన్న అక్షరాలే అందులో నిలుస్తాయి. తెలుగుకు అలాంటి కోడ్ పేజీ లేదు. మెసేజ్‌బాక్స్ కూడా అదే దారిలో నడుస్తుంది కాబట్టి, ‘సీహెచ్ఆర్‌డబ్ల్యూ’తో అక్షరాలు కూర్చినా (అందులో 3077 అంటే ‘అ’) బాక్స్‌లో ప్రశ్నార్థకాలే కనిపిస్తాయి. అయితే వీబీఏ స్ట్రింగ్ లోపల తెలుగు భద్రంగానే ఉంటుంది, పాడయ్యేది చూపించేటప్పుడు. సులువైన మార్గం, మెసేజ్‌లన్నీ ఒక షీట్‌లో తెలుగులో రాసిపెట్టుకుని, అక్కడినుంచి చదివి యూజర్‌ఫామ్‌లోని లేబుల్‌లో చూపించడం. యూజర్‌ఫామ్‌కు యూనికోడ్ వస్తుంది. జీతాల సెక్షన్‌లో పనిచేసేవారికి ‘17వ వరుసలో వేతనం అంకెల్లో లేదు’ అని కనిపించడానికీ, ‘టైప్ మిస్‌మ్యాచ్’ అని కనిపించడానికీ ఎంత తేడానో వారినే అడగండి. ఆ కాస్త శ్రమ పడండి.

ఇదే కారణంగా తెలుగు పేరున్న షీట్‌ను కోడ్‌లో పేరుతో పిలవలేరు, 9 వస్తుంది. ఎడిటర్‌లో ఎడమవైపు కనిపించే షీట్1 లాంటి కోడ్ పేరు వాడండి. తెలుగు పేరున్న ఫైళ్లను ‘డిర్’ ఫంక్షన్ సరిగ్గా చదవలేదు, వాటికి ‘ఫైల్‌సిస్టమ్‌ఆబ్జెక్ట్’ వాడాలి.

ఎర్రర్ రాకుండానే తేదీలు, అంకెలు తప్పు పడుతున్నాయి.

అమెరికా సెట్టింగ్ ఉన్న కంప్యూటర్‌లో 05/06/2024 అనే అక్షరాలను ‘సీడేట్’ మే 6గా తీసుకుంటుంది, మన సెట్టింగ్‌లో జూన్ 5గా. 13/05/2024 అయితే రెండుచోట్లా మే 13 అవుతుంది, ఎందుకంటే 13వ నెల లేదు కాబట్టి తనే తిప్పుకుంటుంది. అంటే ఒకే వరుసలో కొన్ని తేదీలు సరిగ్గా, కొన్ని తారుమారుగా పడతాయి. అమెరికాలోని ఆఫీసుకు, హైదరాబాద్‌లోని ఆఫీసుకు ఒకే ఫైలు తిరిగే చోట ఇది నిత్యం ఎదురయ్యేదే. రోజు, నెల, సంవత్సరం విడదీసి ‘డేట్‌సీరియల్’తో కూర్చండి. 31/04/2024 లాంటి లేని తేదీకి సీడేట్ 13 ఇస్తుంది కానీ, డేట్‌సీరియల్ దాన్ని మే 1గా మార్చేస్తుంది. కూర్చాక రోజు అదేనా అని మళ్లీ పోల్చి చూడాలి.

అలాగే ‘వాల్’ ఫంక్షన్ కామా దగ్గర ఆగిపోతుంది. 1,25,000 అని అక్షరాల్లో ఉంటే 1 అని ఇస్తుంది, ఏ హెచ్చరికా లేకుండా. ‘ఈజ్‌న్యూమరిక్’ను కూడా గుడ్డిగా నమ్మొద్దు. ఖాళీ సెల్‌కు అది ట్రూ అంటుంది.

ఎక్సెల్ కాకుండా వేరే స్క్రిప్ట్‌లలోనూ ఇదే పద్ధతా?

మాటలు మారతాయి, విషయం అదే. లిబ్రేఆఫీస్ బేసిక్‌లో ‘ఆన్ ఎర్రర్ గోటూ’ ఇలాగే ఉంటుంది, పైగా ఈఆర్ఎల్ లైను నంబరును తనే చెబుతుంది. వీబీస్క్రిప్ట్‌లో లేబుల్‌కు దూకే సౌకర్యం లేదు, రెస్యూమ్ నెక్స్ట్, గోటూ 0 మాత్రమే. మైక్రోసాఫ్ట్ 2023లో దానికి వీడ్కోలు ప్రకటించింది, కొత్తగా ఏదీ అందులో మొదలుపెట్టకండి. గూగుల్ షీట్స్‌లోని యాప్స్ స్క్రిప్ట్‌లో ‘ట్రై’, ‘క్యాచ్’, ‘ఫైనల్లీ’ ఉన్నాయి. పైన మన చట్రంలో ‘ముగింపు’ చేసే పనే అక్కడ ఫైనల్లీ చేస్తుంది. పవర్‌షెల్‌లో చాలా కమాండ్ల తప్పులు స్క్రిప్ట్‌ను ఆపవు, క్యాచ్‌కూ చిక్కవు. ‘ఎర్రర్‌యాక్షన్ స్టాప్’ పెడితేనే చిక్కుతాయి. బ్యాష్ స్క్రిప్ట్ అయితే, ఏమీ చెప్పకపోతే పుట్టుకతోనే రెస్యూమ్ నెక్స్ట్‌లా నడుస్తుంది. ఒక కమాండ్ విఫలమైనా కిందిదానికి వెళ్లిపోతుంది. ఫోల్డర్ మారే కమాండ్ విఫలమై, దాని కింద ఫైళ్లు చెరిపే కమాండ్ ఉంటే చెరిగేది వేరే ఫోల్డర్.

ఇవన్నీ చూసినా తేలకపోతే ఎవరినైనా అడిగేటప్పుడు ఏం చెప్పాలి?

‘మాక్రో పనిచేయట్లేదు’ అంటే ఎవరూ సాయం చేయలేరు. ఎర్రర్ నంబరు, దాని కింది వాక్యం యథాతథంగా, పసుపు రంగు లైను, ఆ లైనులోని ప్రతి వేరియబుల్‌లో ఆ క్షణాన ఉన్న విలువ, ఎక్సెల్ వెర్షను, అది 32 బిట్టా 64 బిట్టా అన్నవి రాయండి. అంతకుముందు నడిచేదైతే చివరిసారి నడిచాక ఏం మారిందో రాయండి. ఫైలు పంపాల్సి వస్తే కాపీ చేసి, అందులో పేర్లు, బ్యాంకు ఖాతాలు, ఆధార్ నంబర్లు తీసేసి, తప్పు వచ్చే వరుసలు నాలుగైదు మాత్రం ఉంచండి. అలా తగ్గించాక తప్పు రావడం ఆగిపోతే, మీరు తీసేసిన వరుసల్లోనే కారణం ఉంది. వాటిని సగం సగంగా వెనక్కి చేరుస్తూ వెతకండి.